మోదుగ నిజంగా చిక్కుడు కుటుంబమేనా?

మహారాష్ట్రలోని సిరొంచ వైపు మాఘ, ఫాల్గుణాల్లో గుట్టలు ఎర్రబడితే మోదుగ పూసినట్టే. "పువ్వు చూస్తే చిక్కుడుకు పోలికే లేదు, ఇది ఆ కుటుంబమెలా అయింది?" అని ఒకరు అడిగారు. పోలిక ఉంది, రంగు చూసి మోసపోతాం, అంతే.

ఒక పువ్వు తెంపి విప్పండి. రేకులు ఐదు, కానీ సమానంగా ఉండవు. వెనక ఒకటి జెండాలా నిలబడుతుంది, పక్కల రెండు రెక్కలు, మిగతా రెండూ అతుక్కుని చిలుక ముక్కులా వంగి కేసరాలను దాచుకుంటాయి. చిక్కుడు, కంది, పెసర పువ్వులన్నిటిదీ ఇదే అమరిక. సంస్కృతంలో కింశుకం అన్నది కూడా ఈ ముక్కు చూసే: "ఇది చిలుకా ఏమిటి?" అని.

కాయ కూడా చూడండి. బల్లపరుపు కాయ, కానీ లోపల ఒకే గింజ, అదీ కొసన. మిగతాదంతా పలుచని రేకు, గాలికి ఎగరడానికి. శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పెర్మాలో 'మోనోస్పెర్మా' అంటే ఒకే గింజది అని.

ఆకు కూడా చిక్కుడులాగే మూడేసి. మా పక్కింటి మరాఠీవాళ్లు ఎక్కడికెళ్లినా అంతే అనడానికి "పళసకు (అంటే మోదుగకు) మూడే ఆకులు" అంటారు. విస్తళ్లు కుట్టేవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

బూరుగతో మాత్రం కలపకండి. అదీ ఆకు రాలాకే ఎర్రగా పూస్తుంది, కానీ దాని ఐదు రేకులూ ఒకేలా, మందంగా ఉంటాయి. అది పత్తి, బెండల చుట్టం.