బోటు క్యాబిన్ కిటికీలకు ఇన్సులేషన్ కవర్లు కుట్టేటప్పుడు మందం కన్నా అంచు చూసుకోండి

ఎంత మందం ఫోమ్ వాడాలి, బబుల్ ఫాయిల్ (గాలి బుడగల ప్లాస్టిక్‌కి మెరిసే రేకు అంటించిన షీటు) ఒక్కటే సరిపోతుందా, ఇంట్లో ఉండే కుట్టుమిషన్ మీద అవుతుందా అని కదా మీరు అడిగింది. మిషన్ మీద అవుతుంది. మా బోటు కిటికీలన్నిటికీ నేను మామూలు మిషన్ మీదే కుట్టాను. మందం గురించి మాత్రం అందరూ అనవసరంగా బుర్ర పాడుచేసుకుంటారు, 6 నుంచి 10 మిల్లీమీటర్లు చాలు, అసలు పని అంతా అంచు దగ్గరే ఉంది.

ఎందుకంటే రాత్రి మనం ఊపిరి వదిలినా, స్టవ్ మీద నీళ్లు మరిగినా ఆ తేమంతా క్యాబిన్ గాల్లోనే ఉంటుంది, చల్లటి అద్దానికి తగలగానే నీళ్లై కారుతుంది. కవర్ పెట్టాక లోపలి వేడి అద్దం దాకా వెళ్లదు కాబట్టి అద్దం ఇంకా చల్లబడుతుంది, అంచుల్లో సందు ఉంటే తేమ గాలి అందులోంచి దూరి కవర్ వెనక ఇంకా ఎక్కువ నీళ్లు పడతాయి. అందుకే కొంతమంది కవర్లు పెట్టాక చెమ్మ పెరిగిందంటారు, తప్పు బట్టది కాదు, సందుది.

కాబట్టి ఫోమ్‌ని కిటికీ గూడు కన్నా అన్ని వైపులా కొద్దిగా పెద్దగా, ఒక అర సెంటీమీటరు అనుకోండి, కత్తిరించండి, నొక్కి పెడితే బిగుసుకుని కూర్చోవాలి. కొలతలు టేపుతో కాదు, ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ షీటు కిటికీకి అంటించి మార్కర్‌తో గీయండి. ఎడమ కిటికీ, కుడి కిటికీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ తిప్పి పెడితే కూర్చోవు, ప్రతి షీటు మీదా ఏ కిటికీ, పైభాగం ఏది, లోపలి వైపు ఏది రాసిపెట్టుకోండి.

మధ్యలోకి క్లోజ్డ్ సెల్ ఫోమ్, అంటే లోపలి బుడగలన్నీ మూసుకుని ఉండే ఫోమ్ మంచిది, నీళ్లు పీల్చదు, క్యాంపింగ్‌లో కింద పరుచుకునే మ్యాట్లు చాలావరకు అవే. కాటన్ దూది జోలికి పోవద్దు, ఒకసారి తడిస్తే ఆరదు, బూజు ఖాయం. ఇక బబుల్ ఫాయిల్, దాని మెరిసే వైపుకి ముందు కాస్త గాలి ఖాళీ ఉంటేనే వేడిని వెనక్కి కొడుతుంది, అద్దానికి అతుక్కుపోతే ఆ లాభం పోతుంది. ఎండ కోసమైతే అసలు కవర్ బయట వేయడమే మేలు, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక ఆపేది కొంతే. అక్రిలిక్ హ్యాచ్‌కి (బోటు పైకప్పులో తెరుచుకునే ప్లాస్టిక్ అద్దం మూత) లోపల నుంచి నల్లబట్ట ఆనించి ఎండలో వదలకండి, మధ్యలో వేడి చిక్కుకుని అక్రిలిక్ మీద సన్నటి పగుళ్లు రావచ్చు.

కుట్టేటప్పుడు గుండుసూదులు వద్దు, ఫాయిల్‌కి పడ్డ చిల్లు మళ్లీ పూడదు, క్లిప్పులు పెట్టుకోండి. 16 నంబరు సూది, పాలిస్టర్ దారం, కుట్టు పొడవు 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు. ఫాయిల్ మిషన్ పాదం కింద జారకుండా పట్టేస్తుంటే పైన పల్చటి కాగితం వేసి కుట్టి తర్వాత చింపేయండి, భలే పనిచేస్తుంది. అందంగా ఉంటుందని మధ్యలో డైమండ్ డిజైన్ కుట్లు వేయకండి (నాకూ సరదానే అనుకోండి), కుట్టు పడ్డ ప్రతి గీత దగ్గరా ఫిల్లింగ్ నొక్కుకుపోయి అక్కడ్నుంచే చలి వస్తుంది. చుట్టూ అంచు పట్టీ ఒక్కటి చాలు. ఒక వైపు వెల్క్రో తెరుపు వదిలితే ఫోమ్ తీసి బట్ట ఉతుక్కోవచ్చు, ఉప్పునీళ్లు తగిలిన బట్ట మంచినీళ్లలో జాడించకపోతే ఆ ఉప్పే తేమని పట్టుకుని ఉంటుంది.

బిగించడానికి సక్షన్ కప్పులు తడి అద్దం మీద అర్ధరాత్రి ఊడిపోతాయి. అయస్కాంతాలు బాగానే ఉంటాయి గానీ అల్యూమినియం ఫ్రేముకి అంటవు, పైగా దిక్సూచి దగ్గర పెడితే అది తప్పు చూపిస్తుంది. నా ఓటు బిగుతుగా కూర్చునే ఫోమ్‌కే.

గాలి వెంట్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకండి, లోపల స్టవ్వో హీటరో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. పొద్దున్నే కవర్లు తీసి అద్దం తుడిచి ఆరనివ్వాలి, ఎంత బాగా కుట్టినా ఈ పని తప్పదు.

అన్నీ ఒకేసారి కత్తిరించకుండా ముందు చిన్న కిటికీకి ఒకటి కుట్టి చలి రాత్రి పెట్టి చూడండి, పొద్దున ఏ మూల ఎక్కువ తడి ఉంటే ఆ మూల లూజుగా ఉన్నట్టు, మిగతావి కత్తిరించే ముందు అక్కడ కాస్త పెంచుకోండి.