సరుకు ఎవరిదంటే ‘అన్నది’ అన్నాడు

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలో బీటెక్ మూడో ఏడు. నర్సీపట్నంలో ఒక సంచి తీసుకుని హైదరాబాద్ బస్సెక్కితే ఐదు వేలిస్తామని సీనియర్ ఒకడు అడిగాడట. వీడు కాదన్నాడు. అయినా నాకు టెన్షన్ పోవడం లేదు. ఇంకో సందేహం. గంజాయి సంచికీ దేశ భద్రతకీ సంబంధమేమిటండీ? టీవీవాళ్లు ఊరికే పెద్ద పెద్ద మాటలు అంటున్నారా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, మీవాడు కాదన్నాడు, పైగా ఇంటికొచ్చి మీతో చెప్పాడు. నాకు ఆ రెండోదే ఎక్కువ నచ్చింది.

నేను ఎస్సైగా ఉన్నప్పుడు ఒక రాత్రి గుమ్మడికాయల వ్యాను ఆపాం. కాయలు దించుతుంటే కాఫీ పొడి వాసన గుప్పుమంది. గుమ్మడికాయల బండిలో కాఫీ పొడేమిటి? గంజాయి వాసన బయటికి రాకుండా చల్లారు. అడుగున బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, ఒక్కోటి రెండు కిలోలు. డ్రైవర్ పక్కన ఇరవై ఏళ్ల కుర్రాడు. సరుకెవరిదిరా అంటే ‘అన్నది’ అన్నాడు. ఏ అన్న? ఫోన్ తీసి చూస్తే అందులోనూ ‘అన్న’ అనే ఉంది. అంతకు మించి వాడికీ తెలియదు. వాడు జైలుకి పోయాడు. అన్న మాకు దొరకలేదు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల చట్టంలో, గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకడం మహా కష్టం. సంచిలో ఏముందో తెలియదంటే సరిపోదు. తెలియదని నిరూపించుకోవాల్సింది మోసినవాడే.

ఇక మీ రెండో సందేహం. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో డీఆర్ఐ (కేంద్ర రెవెన్యూ నిఘా విభాగం) అధికారులు రెండు కంటెయినర్లు తెరిచారు. కాగితాల మీద ఉన్నది టాల్క్, అంటే పౌడర్లలో వాడే మెత్తటి రాయి. సంచుల పైవరసలో టాల్క్ రాళ్లే ఉన్నాయి, అడుగున హెరాయిన్. మొత్తం 2,988 కిలోలు. అఫ్గానిస్థాన్‌లో బయల్దేరి, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ రేవు మీదుగా వచ్చింది. దిగుమతి చేసుకున్న కంపెనీ చిరునామా మాత్రం మన విజయవాడది! చిరునామా తప్ప ఊరికి ఇంకే సంబంధమూ లేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. సరుకు అమ్మిన డబ్బు లష్కరే తోయిబా ఉగ్రవాదులకు చేరుతుందని తర్వాత ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) ఆరోపించింది. పేరొకరిది, సరుకొకరిది, డబ్బు ఇంకెవరిదో. మీ అబ్బాయికి ఇవ్వజూపిన సంచి చిన్నదే, పద్ధతి మాత్రం అదే. అందుకే అవి ఊరికే అంటున్న మాటలు కావంటాను.

మన్యంలోనూ అంతే. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు కొండల్లో శీలావతి రకం గంజాయికి పెట్టుబడి బయటి వ్యాపారిది, చెమటా కేసూ గిరిజన రైతువి. 2021 చివర్లో ‘పరివర్తన’ పేరుతో సుమారు 7,500 ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. మంచి పనే. ఇప్పుడు డ్రోన్లతో వెతుకుతున్నారు, కాఫీ, మిరియాలు వేసుకోమంటున్నారు. సాగు చాలావరకు ఒడిశా కొండల వైపు జరిగింది, సరుకు మాత్రం మన రోడ్ల మీదే దిగుతోంది. మొక్క నరకడం కత్తితో అయ్యే పని. ‘అన్న’ దాకా వెళ్లాలంటే ఫోన్ రికార్డులు, బ్యాంకు ఖాతాలు తవ్వుకుంటూ పోవాలి. మా రోజుల్లో అంత ఓపికా లేదు, అంత మనుషులూ లేరు. దీనికోసమే 2024 నవంబరులో ఆంధ్రాలో ‘ఈగల్’ అని విడిగా విభాగం పెట్టారు.

మీరు కాలేజీకి వెళ్లి ఆ సీనియర్‌తో గొడవపడకండి. వాడినీ ఏ అన్నో పంపి ఉంటాడు. ఈగల్ నంబరు 1972, కేంద్రానిది 1933, దేనికి చేసినా ఫర్వాలేదు. సంచి గురించి ఆ సీనియర్ వాట్సాప్‌లో మెసేజ్ ఏదైనా పెట్టి ఉంటే మీవాణ్ని చెరిపెయ్యొద్దనండి. భయపడి ముందు చేసేది అదే.