గేమ్ కబుర్లు: మారియోని చేసినాయనకి కోడింగ్ వచ్చా?

పోయిన సంచికలో సూపర్ మారియో గురించి నాలుగు ముక్కలు రాస్తే, వచ్చిన ఉత్తరాలన్నీ ఆ గేమ్ చేసిన షిగెరు మియామోతో గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేశాను. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను, ఏమీ అనుకోకండి.

సార్, నేను బీటెక్ రెండో ఏడాది. గేమ్ డిజైనర్ అవ్వాలని ఉంది కానీ కోడింగ్ అంటేనే టెన్షన్. మియామోతో అసలు ప్రోగ్రామరే కాదని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమా? మరి ఉద్యోగం ఎలా ఇచ్చారు? – ఓ విద్యార్థి, వరంగల్

నిజమే తమ్ముడూ. ఆయన చదివింది కనజావాలో ఆర్ట్ కాలేజీ, అదీ ఇండస్ట్రియల్ డిజైన్. 1952లో క్యోటో దగ్గర సొనొబె అనే చిన్న ఊళ్లో పుట్టాడు, మాంగా బొమ్మల కథలు గీసి బతకాలని కుర్రతనపు కోరిక. ఆయన చేరిన నింటెండో అంటే అప్పటికి 1889లో పేకముక్కలతో మొదలై ఆటబొమ్మల్లోకి వచ్చి, వీడియో గేముల్లో అప్పుడప్పుడే వేలు పెడుతున్న కంపెనీ. వాళ్ల నాన్నకి తెలిసినాయన ద్వారా అధిపతి హిరోషి యమౌచిని కలిశాడు (రికమండేషన్ కేసే అనుకో), పిల్లల బట్టల కోసం జంతువుల ఆకారంలో తను చేసిన హ్యాంగర్లు తీసుకెళ్లి చూపించాడు. 1977లో ఉద్యోగం వచ్చింది.

అసలు మలుపు 1981లో. రాడార్ స్కోప్ అనే నింటెండో గేమ్ అమెరికాలో బోల్తా పడింది. పంపించిన మూడు వేల మెషీన్లలో (నాణెం వేసి ఆడే పెద్ద డబ్బాలు) దాదాపు రెండు వేలు గోడౌన్లో మిగిలిపోయాయి. ఆ డబ్బాల్లోనే పట్టేలా కొత్త గేమ్ కావాలన్నారు, ఆ పని అంతవరకు సొంతంగా ఒక్క గేమూ చేయని మియామోతో మీద పడింది. పైన గుంపెయ్ యొకోయి అనే సీనియర్ ఇంజినీరు. ముందు పొపాయ్ అనే కార్టూన్ పాత్రలతో చేద్దామనుకుంటే హక్కులు రాలేదు. దాంతో అందులోని విలన్ బ్లూటో స్థానంలో గొరిల్లా, పొపాయ్ స్థానంలో ఓ వడ్రంగి వచ్చి చేరారు. అదే డాంకీ కాంగ్, ఆ వడ్రంగే తర్వాత మారియో. కోడ్ రాసింది మియామోతో కాదు, ఇకెగామి సుషింకి అనే బయటి కంపెనీ వాళ్లు.

అయితే దీన్ని పట్టుకుని కోడింగ్ మానేయకు. ఆయనకి కోడ్ రాకపోయినా మెషీన్ ఏం చేయగలదో, ఏం చేయలేదో బాగా తెలుసు. అన్ని కొద్ది చుక్కల్లో జుట్టు గీయడం కష్టం కాబట్టి టోపీ పెట్టాడు, నోరు కనిపించదు కాబట్టి మీసం పెట్టాడు, పరిగెడుతుంటే చేతులు విడిగా తెలియాలని ఓవరాల్స్ వేశాడు. ఆ రూపమంతా ఇబ్బందుల్లోంచి వచ్చిందే. ఈ రోజుల్లో చిన్న నమూనా గేమ్ చేసి చూపించు అంటే చూపించగలగాలి, అంత మట్టుకు నేర్చుకో చాలు.

మా చిన్నప్పుడు వీడియో గేమ్‌లో క్యాసెట్ పెట్టగానే ఎవరూ చెప్పకుండా మారియో ఆడేసేవాళ్లం. ఇప్పుడు మా అబ్బాయి గేములకి అరగంట ట్యుటోరియల్! తేడా ఎక్కడుంది? – బ్యాంకు ఉద్యోగి, తెనాలి

ఎవరూ చెప్పలేదని మీరనుకుంటున్నారు గానీ, మొదటి స్క్రీనే చెప్పిందండీ. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ, ఎటు వెళ్లాలో వేరే చెప్పక్కర్లేదు. కొంచెం నడవగానే గూంబా అనే చిన్న శత్రువు వస్తుంది, తగిలితే చస్తారు, కానీ పోయింది నాలుగు సెకన్ల ఆటే కాబట్టి బాధ ఉండదు, ఈసారి దూకుతారు. తర్వాత ప్రశ్న గుర్తున్న పెట్టెని తలతో కొడితే నాణెం. ఇంకోదాన్ని కొడితే పుట్టగొడుగు, అదేమో చూడ్డానికి గూంబాలాగే ఉంటుంది. అది కుడివైపు వెళ్లి పైపుకి కొట్టుకుని మీ మీదికే తిరిగొస్తుంది, తప్పించుకుందామని దూకితే పైన ఇటుకలు తగిలి మళ్లీ దాని మీదే పడతారు. చచ్చామనుకునే లోపు మారియో పెద్దవాడైపోతాడు! దాన్ని తినాలన్న సంగతి అలా తెలుస్తుంది. ఇదంతా కావాలని చేసిందేనని మియామోతోనే తర్వాత వివరించాడు. ఇంకో సంగతి, వాళ్లు ముందు కష్టమైన లెవెల్స్ చేసుకుని, ఇలాంటి తేలిక లెవెల్స్ ఆఖర్లో చేసేవాళ్లట. ఆట పూర్తిగా అర్థమయ్యాకే కదా కొత్తవాడికి ఎలా పరిచయం చేయాలో తెలిసేది.

1985 నాటి ఆ గేమ్ మొత్తం 40 కిలోబైట్లు, మీ ఫోన్లో ఒక గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అంతకంటే పెద్దదే ఉంటుంది. చోటు కోసం మబ్బులకీ పొదలకీ ఒకటే బొమ్మ వాడి రంగు మార్చారు. ఘనతంతా ఒక్కడిదే కాదు, డిజైన్లో తకాషి తెజుకా, ఆ ట్యూన్ వెనక కోజి కొందో ఉన్నారు. ఇక మీరు ఆడిన పెట్టె బహుశా ఫామికామ్ అనే నింటెండో గేమ్ పెట్టెకి నకలు, మన ఊళ్లల్లో ఎక్కువగా అవే దొరికేవి. మియామోతోకి మన దగ్గర్నుంచి రూపాయి కూడా వెళ్లి ఉండదు లెండి.

ఆయన ప్రేరణ సినిమాలా, పుస్తకాలా, వేరే గేములా? – టీచర్, కర్నూలు

అన్నీ కొంచెం కొంచెం. స్పేస్ ఇన్వేడర్స్ అనే గేమ్ చూశాకే గేముల మీద ఆసక్తి పెరిగింది. కానీ ఎక్కువ సరుకు ఇంటి చుట్టుపక్కల నుంచే తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు ఊరి దగ్గర ఓ గుహ కనిపిస్తే లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లాడు, 1986 నాటి జెల్డా అనే సాహసాల గేమ్‌కి మూలం ఆ అనుభవమేనంటారు. తోటపని పట్టుకుంటే పిక్‌మిన్ అనే గేమ్ వచ్చింది (2001), కుక్కని పెంచుకుంటే నింటెండాగ్స్ (2005), రోజూ బరువు చూసుకోవడం అలవాటైతే వీ ఫిట్ (2007).

నన్నడిగితే ఆ గుహ కథని మరీ ఎక్కువ చెప్పేస్తున్నారు. అసలు గురువు యొకోయి. పాతబడి చవకైపోయిన టెక్నాలజీని కొత్త రకంగా వాడాలన్నది ఆయన సూత్రం, మియామోతో పనిలో అదే ఎక్కువ కనిపిస్తుంది. పైగా ఇష్టం ఉన్నంత మాత్రాన మంచి గేమ్ రాదు. ఆయన గిటార్, బాంజో వాయిస్తాడు, కానీ 2008లో వచ్చిన వీ మ్యూజిక్‌ని విమర్శకులు పెద్దగా మెచ్చుకోలేదు. అదే 1996 నాటి సూపర్ మారియో 64 చూడండి, ముందు కథా లేదు లెవెల్సూ లేవు, చిన్న తోటలో మారియో కుందేలుని తరుముతుంటే చేతికి బాగుందా లేదా అని అదే పనిగా సరిచేసుకున్నారు. అది కుదిరాకే మిగతాదంతా.

హాబీల గురించి బయట మాట్లాడొద్దని కంపెనీయే ఆయనకి చెప్పిందట. తర్వాతి గేమ్ ఏంటో పోటీవాళ్లు పసిగట్టేస్తారని భయం!

"ఆలస్యమైన గేమ్ ఎప్పటికైనా బాగుంటుంది, తొందరపడి వదిలింది ఎప్పటికీ చెత్తే" – ఇది మియామోతో అన్నదేనా? – ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

ఆయన అన్నట్టు గట్టి ఆధారం ఎక్కడా దొరకలేదు. ఆ మాట గేమ్ కంపెనీల్లో అప్పటికే తిరుగుతోంది, ఎవరో ఆయన పేరు తగిలించారు. అతికినట్టు సరిపోయింది కూడా. దాదాపు పూర్తయిన గేమ్‌ని ఆపి మళ్లీ మొదలెట్టించడం ఆయన అలవాటు, జపాన్‌లో కోపమొచ్చిన తండ్రి భోజనాల బల్ల తిరగేయడంతో దాన్ని పోలుస్తారు. దూరం నుంచి మెచ్చుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ బల్ల మీద మన ఏడాది పని ఉంటే తెలుస్తుంది.

కాంట్రా కూడా ఆయనదేనా? – పేరు రాయలేదు, విజయవాడ

కాదండీ, ఆ గేమ్ కొనామీ అనే వేరే జపాన్ కంపెనీ వాళ్లది, 1987లో వచ్చింది. అందులో 30 లైఫులిచ్చే, పైన పైన కింద కింద అంటూ బటన్లు నొక్కే రహస్య కోడ్ మాత్రం అంతకుముందుది. గ్రాడియస్ అనే గేమ్‌ని ఫామికామ్‌కి మారుస్తున్న కజుహిసా హషిమొతో, పరీక్షించడానికి ఆడుతుంటే మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్నాడు, అది అలాగే ఉండిపోయింది. దాని గురించి మీకు ఇంకేమైనా తెలుసుకోవాలని ఉంటే రాయండి, ఈసారి పేరు కూడా రాయండి.