పాత సినిమా పాటను మన గొంతుతో పాడి యూట్యూబ్‌లో పెట్టాలన్నా అనుమతి కావాలా?

కావాలి, వాయిద్యాలన్నీ మీవే అయినా సరే. రికార్డింగు హక్కు వేరు, సాహిత్యం, బాణీల హక్కులు వేరు. రికార్డింగుకు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. సాహిత్యానికీ బాణీకీ వాటి కర్త పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు.

నల్లగొండ బ్యాండు ఒకటి ‘మాయాబజార్’ (1957) పాటను కొత్తగా పాడిందనుకుందాం. పాత రికార్డింగు గడువు 2017తోనే తీరింది. కానీ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కాబట్టి సాహిత్యానికి 2031 చివరిదాకా హక్కుంటుంది. బాణీ లెక్క మళ్లీ వేరు.

‘30 సెకన్లలోపైతే ఏం కాదు’ అన్నది ఉత్తమాట. చట్టంలో ఆ కొలతే లేదు. మిర్యాలగూడ పెళ్లి బరాత్‌లో వాయిస్తే మాత్రం మినహాయింపుంది. అదే వీడియో ఆన్‌లైన్‌లో పెడితే అది వర్తించదు.