రెండు ఖండాల మధ్య ఉండి, పెద్దగా ఎవరికీ తెలియని సరిహద్దు ఊరు మీరేదైనా చూశారా? ఎలా అనిపించింది?

చూశాను. ఈ ప్రశ్న వినగానే ఎవరికైనా ముందు ఇస్తాంబులే తడుతుంది, కానీ అది తెలియనివాళ్లెవరు? నేను చెప్పేది సెయూతా గురించి. ఊరు స్పెయిన్‌ది, ఉన్నది ఆఫ్రికాలో.

మ్యాపులో స్పెయిన్ దక్షిణం కొస చూసి, జలసంధి దాటి కిందకి రండి. మొరాకో ఒడ్డు నుంచి చిటికెన వేలంత నేల సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. మొత్తం 18.5 చదరపు కిలోమీటర్లు. జనం 83 వేలకి అటూ ఇటూ. ఖర్చుపెట్టేది యూరోలు, పోలీసులు స్పెయిన్ వాళ్లు. మొరాకో మాత్రం దాన్ని సెబ్తా అంటుంది, అది మాదే అనీ అంటుంది.

మాది కాకినాడ. యానాం ఎరిగినవాళ్లకి సెయూతా గురించి చెప్పడం తేలిక. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి ప్రభుత్వం, బోర్డు దాటగానే మందు చవక. ఇక్కడా అదే కథ. స్పెయిన్‌లో అంతటా వేసే వ్యాట్ సెయూతాలో లేదు, దాని బదులు తక్కువ రేటులో వేరే పన్ను. అందుకని సిగరెట్లు, మందు, సెంట్లు చవక. ఒక్కటే తేడా, యానాం చుట్టూ 10 మీటర్ల ఎత్తు కంచె లేదు.

2023 సెప్టెంబర్‌లో వెళ్లాను. అప్పుడు దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడాలో ఉద్యోగం. నా ప్లాను చాలా సింపుల్: ముందురోజు బస్సులో అల్హెసీరాస్ రేవు చేరి, పొద్దున్నే ఫెర్రీ ఎక్కి, ఊరు చూసేసి సాయంత్రం ఫెర్రీకి వెనక్కి. ఈ ప్లాను ఎలా తిరగబడిందో తర్వాత చెప్తాను.

ఫెర్రీ ప్రయాణం గంట. ఎడమపక్క జిబ్రాల్టర్ కొండ వెనక్కి పోతూ ఉంటుంది, ఎదర ఆఫ్రికా కొండలు పైకి లేస్తుంటాయి. పాతకాలం గ్రీకులు ఈ రెండు ఒడ్డుల్నీ హెర్క్యులిస్ స్తంభాలన్నారు. ఇవతలి స్తంభం జిబ్రాల్టరే అని అందరూ ఒప్పుకుంటారు. అవతలిది సెయూతాలోని మోంతే ఆచో కొండా, మొరాకోలోని జెబెల్ మూసా కొండా అన్నది ఇప్పటికీ తేలని తగువు. ఊరి పేరు వెనక సంగతి నాకు ఇంకా నచ్చింది. రోమన్లు ఇక్కడి కొండల్ని చూసి ‘ఏడుగురు అన్నదమ్ములు’ అన్నారట. లాటిన్‌లో ఏడంటే సెప్తెమ్, అదే అరబ్బుల నోట సెబ్తా, స్పానిష్‌లో సెయూతా అయింది. మన భాషలో చెప్పాలంటే ఏడుకొండల ఊరు. ఈ ముక్క మా అమ్మకి ఫోన్లో చెప్తే, గుడి కూడా ఉందా అని అడిగింది. ఉంది, ఆ సంగతికే వస్తున్నాను.

దిగగానే కనపడేవి రాచకోట గోడలు. వాటి కిందుగా సముద్రపు నీళ్లతో కందకం, ఈ వైపు అఖాతం నుంచి ఆ వైపు అఖాతానికి. యుద్ధాల కోసం తవ్విన ఆ కందకంలో ఇప్పుడు పిల్లలు కయాకు పడవలు నడుపుకుంటున్నారు. ఊరు అక్కడ ఎంత సన్నగా ఉంటుందంటే, ఉత్తరం వైపు సముద్రం చూసి నాలుగు వీధులు దాటితే దక్షిణం వైపు సముద్రం. 1415లో పోర్చుగీసువాళ్లు దీన్ని పట్టుకున్నారు. 1640లో పోర్చుగల్ స్పెయిన్ నుంచి విడిపోతే ఈ ఊరు మాత్రం స్పెయిన్‌తోనే ఉండిపోయింది, 1668లో కాగితం మీద కూడా ఖాయమైంది. కానీ జెండా ఇప్పటికీ లిస్బన్ నగరం జెండాలో ఉండే నలుపు తెలుపు చీలికలే, మధ్యలో పోర్చుగల్ రాజముద్ర. విడాకులయ్యాక కూడా పాత ఇంటిపేరు వదలని మనిషిలాగా.

పన్నెండింటికల్లా చూడాల్సినవి చూసేశాననుకుని రాజవీధిలో (కాయే రెయాల్ అంటారు) ఒక బ్యాటరీ కోసం చిన్న బజారు కొట్లోకి వెళ్లాను. వాచీలు, సూట్‌కేసులు, సెంటు సీసాలు. గల్లాపెట్టె పైన చేప మీద కూర్చున్న ఝూలేలాల్ దేవుడి పటం, దానికి చిన్న ఎర్ర బల్బు. పక్కనే ఫుట్‌బాల్ క్యాలెండర్. కౌంటర్‌లో డెబ్బై ఏళ్ల పెద్దాయన నన్ను ఒక్కసారి పైనుంచి కిందకి చూసి హిందీలో, “ఏ ఊరు బేటా?” అన్నాడు.

విదేశాల్లో మనందరిదీ హైదరాబాదే కదా, కాకినాడ అని మ్యాపు గీసే ఓపిక ఎవరికుంటుంది. “హైదరాబాద్ అంకుల్” అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. “మా తాతదీ హైదరాబాదే! ఏ వైపు?”

“కూకట్‌పల్లి.”

కాసేపు ఆలోచించి, “అది సింధు నదికి దగ్గరేనా?” అన్నాడు చాలా సీరియస్‌గా. నేను బిత్తరపోతే అప్పుడు నవ్వాడు. ఆయనది సింధ్‌లోని హైదరాబాద్. ఇక్కడికొచ్చే తెలుగువాళ్లని ఇలా ఆటపట్టించడం ఆయనకి అలవాటట, కాకపోతే ఈ అవకాశం ఏళ్లకోసారి గానీ దొరకదట. ఆయన రెండు హైదరాబాద్‌లలో ఏదీ చూడలేదు. పుట్టింది సెయూతాలోనే.

ఆ కొట్లో గంటన్నర కూర్చున్నాను. సింధీ వ్యాపారులు 19వ శతాబ్దం నుంచే ఆ హైదరాబాద్ నుంచి బయల్దేరి ఈజిప్టు, మాల్టా, జిబ్రాల్టర్, ఇలా ఓడరేవుల వెంట కొట్లు తెరుచుకుంటూ వచ్చినవాళ్లు. 1947లో ఊరే వేరే దేశమైపోయాక ఇంకొంతమంది ఈ కొట్ల దగ్గరికే చేరారు. సెయూతా సుంకాల్లేని రేవు కాబట్టి, వాళ్ల నాన్న రోజుల్లో అవతలి ఒడ్డు నుంచి జనం ట్రాన్సిస్టర్లూ వాచీలూ కొనుక్కోవడానికి ఓడలెక్కి వచ్చేవారట. కొత్త పెళ్లికొడుక్కి వాచీ అంటే సెయూతా వాచీయే. 1986లో స్పెయిన్ యూరప్ కూటమిలో చేరాక అవే సరుకులు అక్కడే చవగ్గా దొరకడం మొదలైంది, బేరం పడిపోయింది. “ఇప్పుడు మా బేరం నీలాంటి బ్యాటరీ గిరాకీలతో” అని దెప్పాడు కూడా.

మధ్యలో ఫోన్ వస్తే ఇంట్లోవాళ్లతో సింధీ. కుర్రాడికి సరుకు తెమ్మని స్పానిష్. తలకి గుడ్డ కట్టుకున్న ఒకావిడ సూట్‌కేసు జిప్పు లాగి చూసి మొహం చిట్లిస్తే, ఆవిడతో మొరాకో అరబ్బీలో బేరం. ఇవన్నీ నేను టీ తాగేలోపే. ఊళ్లో దాదాపు సగం మంది ముస్లింలు, క్రైస్తవులు మిగతా సగానికి దగ్గరగా, యూదులూ హిందువులూ వందల్లోనే. బక్రీద్‌కి 2010 నుంచి ఊరంతటికీ అధికారికంగా సెలవు.

గుడి సంగతి అడిగితే వినాయకుడి కథ చెప్పాడు. ఇక్కడ వినాయకుణ్ణి ఊరేగించి సముద్రంలో కలుపుతారు, అచ్చం మనలాగే. 2017లో ఆ ఊరేగింపు ఊరి ఇలవేల్పు ఆఫ్రికా మాత (మరియమ్మే) చర్చి దగ్గరికొస్తే, విగ్రహాన్ని లోపలికే తీసుకెళ్లి అమ్మవారి ఎదుట నిలబెట్టారు. రెండు వైపులా భక్తులు, పాటలు. వీడియో బయటికి రాగానే గొడవ. మేత్రాసనం (బిషప్ కార్యాలయం) విచారం ప్రకటించింది, స్థానిక మత పెద్ద రాజీనామా చేశాడు. “మా వినాయకుడు పాపం పలకరించి వచ్చాడంతే” అన్నాడు పెద్దాయన. ఆ మాట అన్నాక చాలాసేపు వాచీల అద్దాలు తుడుస్తూ ఉండిపోయాడు.

నేనూ ఆ చర్చికి వెళ్లాను. అమ్మవారి చేతిలో ఒక మామూలు ముడుల కర్ర ఉంటుంది. 1415లో పోర్చుగల్ రాజు ఈ ఊరిని ఎవరు కాపాడతారని అడిగితే, పెద్రో దె మెనెసెస్ అనే ఆయన చేతిలో ఉన్న ఆ కర్ర చూపించి ఇది చాలన్నాడట. ఇప్పటికీ ఇక్కడికి కొత్త సైనికాధికారి వస్తే ఆ కర్ర చేతికిచ్చి బాధ్యత అప్పగిస్తారు.

నాలుగింటికి రేవుకి వెళ్తే బోర్డు మీద నా ఫెర్రీ ఎదురుగా ‘రద్దు’. తూర్పుగాలి లేచింది, లెవాంతె అంటారు. ఇక్కడి జనం గాలి పేరు చెప్పి పెళ్లిముహూర్తాలు కూడా మార్చుకునేలా ఉన్నారు. టికెట్ కౌంటర్‌లో “ఇంకో గంటలో చెప్తాం” అని మూడుసార్లు చెప్పి, ఎనిమిదింటికి షట్టర్ దించేశారు. గ్రనాడా బస్సు డబ్బులు గాలికి. రాత్రికి ఒక పెన్సియోన్‌లో (చిన్న లాడ్జి) గది తీసుకున్నాను.

నిజం చెప్పాలంటే నేను సెయూతా చూసింది ఆ రెండో రోజే. పొద్దున్నే వీధిలో తెలిసిన వాసన. ముక్కు పట్టుకుని పోతే ఒక బడ్డీ, దోమతెరల వెనక తీగల మీద వరసగా వేలాడుతున్న ఎండుచేపలు. రెక్కలు విప్పి ఆరేసినవి ఎగిరే చేపలు, వొలాదోర్ అంటారు. పక్కన సూరచేప లాంటి బొనీతో చీలికలు, ఉప్పు పట్టి ముదురు బెల్లం రంగులో. మా ఉప్పాడ ఇసకలో గోనెల మీద ఎండేవే ఇక్కడ సోకుగా గాలిలో ఊగుతున్నాయి. ఇవి వండరట, పీలికలు చీల్చి ఆలివ్ నూనెతో అలాగే తింటారట. అర కిలో కట్టించుకున్నాను.

సిటీ బస్సులో బెన్సూ వెళ్లాను, ఊరి పడమటి కొస. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది, అటు మొరాకో. సముద్రం ఒడ్డున చిన్న టీ కొట్టు. గాజు గ్లాసు నిండా పుదీనా కట్ట కుక్కి, మీద పంచదార పాకం లాంటి టీ పోసిస్తారు. తాగడం ఒక కళ. ఒక చేత్తో కందిరీగల్ని తోలాలి, రెండో చేత్తో గ్లాసు అంచు పట్టుకోవాలి. ఎదురుగా జెబెల్ మూసా కొండ, వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఉంటుంది. చనిపోయినావిడ అని దాని పేరు. నుదురు, ముక్కు, గడ్డం అన్నీ కనిపిస్తాయి.

అక్కణ్ణుంచి తారహాల్ సరిహద్దుకి. మీరెవరైనా వెళ్తే ఇది తప్పించుకోకండి. బీచ్‌లో జనం గొడుగులు వేసుకుని పడుకున్నారు, వాళ్ల వెనక ఇనుప కంచె కొండ దిగి, ఇసక దాటి, రాళ్లకట్టతో పాటు సముద్రంలోకి పోతుంది. 2021 మేలో రెండు రోజుల్లో 8 వేల మంది దాకా ఆ కట్ట చివర ఈదుకుంటూ, నడుచుకుంటూ ఇటు వచ్చారు. అంతకుముందు ప్రతిరోజూ మొరాకో ఆడవాళ్లు ఒంటి మీద మోసిన సరుకు చేతిసంచీ కిందే లెక్క కాబట్టి సుంకం ఉండదనే లొసుగు మీద, మనిషంత మూటలు వీపున కట్టుకుని ఈ గేటు దాటేవారు. తొక్కిసలాటల్లో ప్రాణాలు పోయాయి. 2019 చివర్లో అది ఆగిపోయింది, 2020 మార్చిలో గేటే మూసేశారు, తిరిగి తెరిచింది 2022 మేలో. ఊరు నిండా ‘నాలుగు సంస్కృతులు’ అని పోస్టర్లుంటాయి. అబద్ధం కాదు, ఆ కొట్లో నా కళ్లతో చూశాను. కానీ ఆ పోస్టరు వేసినవాళ్లు ఈ కంచె ఫొటో వెయ్యరు. నా బస్సు డబ్బుల బాధ అక్కడికొచ్చాక మళ్లీ గుర్తు రాలేదు.

మన పాస్‌పోర్ట్‌తో వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. స్పెయిన్ నుంచి వెళ్లడానికి మీ షెంగెన్ వీసా (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) చాలు. కానీ తారహాల్ గేటు దాటి మొరాకోలో అడుగుపెడితే షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టే, సింగిల్ ఎంట్రీ వీసా అయితే వెనక్కి రాలేరు. మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు, ఐదింటి దాకా తెరవరు. ఒక రాత్రి ఉండేలా వెళ్లండి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

ఇంకోటి, వెళ్లేటప్పుడు అడక్కపోయినా వచ్చేటప్పుడు పాస్‌పోర్ట్ చూస్తారు. స్పెయిన్ నుంచి స్పెయిన్‌కే వెళ్తున్నా సరే. సాయంత్రం ఫెర్రీ దగ్గర పోలీసాయన నా పేజీలు తిరగేసి, “మొరాకో వెళ్లారా?” అన్నాడు. లేదన్నాను. సంచీ వైపు చూసి ముక్కు ఎగబీల్చాడు. “వొలాదోరా?” అన్నాడు. అవునన్నాను. నవ్వి పొమ్మన్నాడు.

గ్రనాడా వచ్చాక ఆ బొనీతోని వంకాయలేసి ఇగురు పెట్టాను. చింతపండు దొరక్క నిమ్మకాయ పిండాల్సి వచ్చింది. ఉప్పు కాస్త ఎక్కువైంది, ముందు నానబెట్టి ఉండాల్సింది.