ఒళ్లు వచ్చేసిందండీ, ఏం చేయాలి? కొత్తగా వచ్చినవాళ్లు అడిగే జిమ్ సందేహాలు

దేశం కాని దేశం వచ్చిన కొత్తలో మనవాళ్లు అడిగే సందేహాలు ఇల్లు, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు చుట్టూ తిరుగుతాయి. కొన్ని నెలలు గడిచాక గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న అడుగుతారు: "వచ్చినప్పటి నుంచి ఒళ్లు వచ్చేసిందండీ, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఏం చేయమంటారు?" ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లయింది కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంటుంది. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ట్రెడ్‌మిల్‌తో ఆగిపోకండి, బరువులెత్తండి. వారానికి రెండు మూడు సార్లు, గంట లోపు చాలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అదే ఎత్తు, అదే బరువు ఉన్న యూరప్ మనిషితో పోలిస్తే దక్షిణాసియా వాళ్లలో సగటున కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ. అందుకే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే కొలత) 25 దాకా ఫరవాలేదన్న లెక్క మనకు చాలదు. ఆసియా జనాభా 23 దగ్గరి నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో సూచించింది. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు చేరితే అది కూడా హెచ్చరికే. షుగర్ మనకు తక్కువ వయసులో, తక్కువ బరువు దగ్గరే వస్తుంది. ఇన్సులిన్ పనిచేసేటప్పుడు రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా లోపలికి తీసుకునేవి కండరాలే. కండ తక్కువైతే ఆ గ్లూకోజు వెళ్లే చోటూ తక్కువే. దానికి తోడు ఇక్కడికొచ్చాక ఇంటి నుంచి కారు, కారు నుంచి కుర్చీ అయిపోతుంది మన బతుకు. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీ మూలాలేమిటో, ఇంట్లో ఎవరికి షుగర్ ఉందో మీరే చెప్పండి. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అడిగి చేయించుకోండి.

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి వేగంతో నడక లాంటి వ్యాయామం చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఇది చాలామందికి తెలుసు. అందులోనే, ఒంట్లోని ముఖ్యమైన కండరాలన్నిటికీ వారంలో కనీసం రెండు రోజులు పని చెప్పాలని కూడా ఉంది. మనవాళ్లు వదిలేసేది ఈ రెండోదాన్నే.

జిమ్‌లో చేరే రోజు ఒక ఆరోగ్య ప్రశ్నపత్రం చేతిలో పెట్టడం చాలాచోట్ల మామూలే. గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా అని అడుగుతుంది. త్వరగా అయిపోవాలని అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టేయకండి, అది మీ కోసమే. ఒప్పందంలో ఎన్ని నెలలు కట్టుబడి ఉండాలో, మానేయాలంటే ఎంత ముందు చెప్పాలో చదివాకే సంతకం చేయండి. కొత్త ఉద్యోగాల్లో ఊళ్లు మారడం మామూలు కదా. మొదటి రోజు అక్కడి వాళ్లు పరికరాలు చూపిస్తామంటే మొహమాటపడకుండా చూపించుకోండి.

ఇక అసలు ప్రశ్న, లోపలికెళ్లాక ఏం చేయాలి? అక్కడ యాభై రకాల మెషీన్లు కనిపించి కంగారు పుడుతుంది. నిజానికి ఒంటికి కావలసిన కదలికలు కొన్నే. కూర్చుని లేవడం, అంటే స్క్వాట్. నడుం దగ్గర వంగి బరువు లేపడం, అంటే డెడ్‌లిఫ్ట్ లాంటివి. నెట్టడం: పుషప్, బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బరువు పైకి నెట్టడం), తలపైకి ఎత్తే ప్రెస్. లాగడం: రో (బరువును ఒంటి వైపు లాగడం), ల్యాట్ పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని ఛాతీ దాకా కిందికి లాగడం). చివరగా రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవడం. వీటిలో ఒక్కోదాన్నుంచి ఒక్కోటి తీసుకుని, ఒక్కోటీ రెండు మూడు సెట్లు చేస్తే ఆ రోజు పని అయిపోయినట్టే. ఈ రోజు ఛాతీ, రేపు చేతులు అని భాగాలు పంచుకునే పద్ధతి మొదట్లో వద్దు. వారంలో ఒక రోజు పని పడి మానేస్తే ఒక భాగం మొత్తానికి ఎండిపోతుంది.

ఒక్క స్క్వాట్‌నే దగ్గరగా చూద్దాం. 12 కిలోల డంబెల్‌ని నిలువుగా, పై భాగం కింద రెండు అరచేతులూ ఆనించి ఛాతీకి దగ్గరగా పట్టుకోండి. పాదాలు భుజాలంత ఎడం, కాలివేళ్లు కొంచెం బయటికి. ఊపిరి పీల్చి, పొట్ట బిగించి, మోకాళ్లు కాలివేళ్లు చూపే వైపే వెళ్లేలా కిందికి దిగండి. మడమలు నేల విడవకూడదు. మోచేతులు మోకాళ్ల లోపలి వైపుకి వచ్చేదాకా దిగగలిగితే మంచిది, లేకపోతే మీ ఒళ్లు ఎంత దిగనిస్తే అంతే. ఇలా 8 సార్లు చేస్తే ఒక సెట్. రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ చేయండి. మూడో సెట్ చివర్లో కూడా, ఇంకో రెండు సార్లు చేయగలను అనిపించేంత శక్తి మిగలాలి. వచ్చేసారి అదే బరువుతో 9, ఆ పైసారి 10. మూడు సెట్లలోనూ 12 సార్లు శుభ్రంగా వచ్చిన రోజు 14 కిలోలు తీసుకుని మళ్లీ 8 దగ్గర మొదలుపెట్టండి. ఇదంతా ఫోన్లోనో చిన్న నోటుబుక్కులోనో రాసుకోవాలి. జ్ఞాపకం మీద ఆధారపడేవాళ్లు నెలల తరబడి అదే డంబెల్ దగ్గర ఉండిపోవడం నేను కళ్లారా చూస్తుంటాను.

ఈ కొంచెం కొంచెంగా పెంచే పద్ధతి నిన్నమొన్నటిది కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికన్ సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్, గాయాల నుంచి కోలుకుంటున్న సైనికులతో క్రమంగా పెరిగే బరువులు ఎత్తించి, ఆ ఫలితాలను 1945లో ప్రచురించాడు. అప్పటిదాకా అలాంటివాళ్లకు తేలిక వ్యాయామమే మేలనుకునేవారు. ఇప్పటికీ సూత్రం అదే: ఒంటికి అలవాటైనదానికన్నా ఇంకాస్త పని. మొదటి కొన్ని వారాల్లో బలం గబగబా పెరుగుతుంది, అద్దంలో మాత్రం తేడా కనపడదు. ఆ బలం ఎక్కువగా నరాలు కండరాలను బాగా వాడుకోవడం నేర్చుకున్నందువల్ల వచ్చేది. కండ పెరగడానికి నెలలు పడుతుంది. చాలామంది మానేసేది ఈ మధ్యలోనే. దయచేసి అక్కడ ఆగకండి.

బరువుల లెక్కలో ఒక చిక్కు ఉంది. కొన్ని దేశాల్లో బార్‌కి తగిలించే ఇనుప ప్లేట్ల మీద కిలోలు ఉండవు, పౌండ్లుంటాయి. 45 పౌండ్లంటే 20 కిలోలకు కాస్త ఎక్కువ. పొడవైన ఖాళీ బార్ కూడా మామూలుగా 20 కిలోలు ఉంటుంది, 15 కిలోల సన్న బార్ వేరే ఉంటుంది. బార్ బరువునీ కలిపి లెక్కేయాలి. ఒంటరిగా బెంచ్ ప్రెస్ చేస్తుంటే రెండు పక్కలా ఆపే కడ్డీలు ఛాతీ ఎత్తుకి పెట్టుకోండి. అవి లేకపోతే డంబెల్స్‌తో చేసుకోండి, లేదా పక్కనున్నవాళ్లని ఒక్క సెట్‌కి చూడమని అడగండి. జిమ్‌లో కొత్తవాళ్లు అలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. అయ్యాక ప్లేట్లు తీసి వాటి చోట పెట్టడం, బెంచీ తుడవడం మర్చిపోవద్దు.

మొదటి వారం ఒళ్లు నొప్పులు తప్పవు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఉంటాయి, తర్వాత వాటంతటవే తగ్గుతాయి. అయితే ఉత్సాహం కొద్దీ తొలిరోజే విపరీతంగా చేసి, కండరాలు వాచిపోయి, మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకండి. కండరం దెబ్బతిని, అందులోంచి బయటికొచ్చే పదార్థం కిడ్నీల మీద పడుతోందేమో చూడాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

"బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతానా అక్కా?" అని అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు. అవ్వవు తల్లీ. ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ మగవాళ్లలో ఉండేదానిలో పదో వంతు కూడా ఉండదు. కండలు పెంచుకోవాలనుకుని ఏళ్ల తరబడి కష్టపడేవాళ్లకే అది అంత తేలిగ్గా రాదు. మన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆ పేరు తెలిసిన మనం 5 కిలోల గులాబీ రంగు డంబెల్ దగ్గర ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. నెలసరి ఆగాక ఎముకలు పలచబడే వయసు వస్తుంది, అప్పటికి ఈ అలవాటు చేతిలో ఉండాలి.

తిండి సంగతికొద్దాం. మన పళ్లెంలో తక్కువగా ఉండేది ప్రోటీన్. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాములు కనీస అవసరమంటారు. బరువులెత్తేవాళ్ల మీద జరిగిన 49 ప్రయోగాలను 2018లో కలిపి విశ్లేషిస్తే, కిలోకి 1.6 గ్రాముల దాకా కండ పెరగడానికి సాయపడిందనీ, ఆ పైన పెద్దగా అదనపు లాభం లేదనీ తేలింది. 70 కిలోల మనిషికి అది 112 గ్రాములు. పెద్ద సంఖ్యలా కనిపిస్తుంది కానీ పంచి చూడండి. మూడు గుడ్లలో 18, అర లీటరు పాలలో 16, వండిన చికెన్ 150 గ్రాముల్లో 45, వడగట్టిన చిక్కటి పెరుగు 200 గ్రాముల్లో 18 దాకా, 60 గ్రాముల పప్పులో 14. దాదాపు సరిపోయింది. శాకాహారులైతే 50 గ్రాముల సోయా చంక్స్‌లో 25 గ్రాములుంటుంది, టోఫూ, పప్పులు, పాలు, పెరుగు కలిపితే వాళ్లకీ అందుతుంది. బరువు బాగా ఎక్కువున్నవాళ్లు చేరుకోవాలనుకునే బరువు మీద లెక్కేసుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు, డాక్టరు చెప్పిందే లెక్క.

ఇక్కడ రెండు చోట్ల మోసపోతారు. ఒకటి, పచ్చి బరువు, వండిన బరువు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 360 క్యాలరీలు, అదే 100 గ్రాముల అన్నంలో 130. పప్పు కూడా అంతే, ఉడికాక నీరు పట్టి 100 గ్రాములకి 24 గ్రాములున్న ప్రోటీన్ 9కి దిగుతుంది. క్యాలరీలు లెక్కేసే యాప్ వాడుతుంటే అందులో ఏది నమోదు చేస్తున్నారో చూసుకోండి. రెండోది, ప్యాకెట్ మీది లేబుల్. కొన్ని దేశాల్లో 100 గ్రాములకి రాస్తారు, కొన్నిచోట్ల 'ఒక వడ్డింపుకి' (సర్వింగ్) అని రాస్తారు. ఆ వడ్డింపు ఎన్ని గ్రాములో, ప్యాకెట్‌లో ఎన్ని వడ్డింపులున్నాయో పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు తిన్నది రెండున్నర వడ్డింపులైతే క్యాలరీలూ రెండున్నర రెట్లు.

అన్నం మానేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. పిండిపదార్థం, ప్రోటీన్ గ్రాముకి 4 క్యాలరీలు, కొవ్వు 9. బరువు తగ్గాలంటే రోజువారీ ఖర్చుకన్నా 300 నుంచి 500 క్యాలరీలు తక్కువ తినాలి, ప్రోటీన్ తగ్గకూడదు, బరువులెత్తడం మానకూడదు. అవి రెండూ వదిలేసి ఊరికే పస్తులుంటే కొవ్వుతో పాటు కండా పోతుంది. మనకు మొదటినుంచే తక్కువున్నది అదే.

సప్లిమెంట్ల గురించి క్లుప్తంగా. పాల నుంచి తీసే వే ప్రోటీన్ పొడి కూడా తిండే, కుదరని రోజు పనికొస్తుంది. క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు బాగా పరిశోధన జరిగినది. అది వాడుతుంటే, కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపవచ్చు, కాబట్టి డాక్టరుకి ముందే చెప్పండి, అనవసరమైన టెన్షన్ తప్పుతుంది. కొవ్వు కరిగిస్తామనే మాత్రల జోలికి వెళ్లొద్దు. ఏది కొన్నా డబ్బా మీద ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్, ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ లాంటి బయటి పరీక్షల గుర్తు ఉందేమో చూడండి. ఎండ తక్కువున్న దేశాల్లో మన చర్మపు రంగువాళ్లకి విటమిన్ డి తగ్గుతుంది. శాకాహారులకి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడేవాళ్లకి బీ12 తగ్గుతుంది. ఈ రెండూ పరీక్ష చేయించుకున్నాకే మాత్రలు వేసుకోండి.

మన దేశంలో జిమ్ ట్రైనర్‌గా పనిచేసి ఇక్కడికి వచ్చినవాళ్లు కూడా నాకు రాస్తుంటారు. మీ అనుభవం విలువైనదే కానీ, అక్కడి సర్టిఫికెట్ ఇక్కడ చెల్లుతుందనుకోవద్దు. ఏ దేశంలో ఉంటే అక్కడి జిమ్‌లు ఏ గుర్తింపు అడుగుతాయో ముందు కనుక్కోండి. అమెరికాలోని ఎన్‌ఎస్‌సీఏ సంస్థ శిక్షకులకు ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్ లాంటి వాటికి డిగ్రీ కూడా ఉండాలి. డబ్బులు తీసుకుని, ఆన్‌లైన్‌లోనైనా సరే, శిక్షణ ఇచ్చేముందు మీ వీసా ఆ పనికి ఒప్పుకుంటుందో లేదో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. మీ శిక్షణలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆదుకునే బాధ్యత బీమా (లయబిలిటీ ఇన్సూరెన్స్) తీసుకోండి. షుగరు, కిడ్నీ రోగులకి డైట్ చార్టులు రాయడం చాలా దేశాల్లో రిజిస్టర్డ్ డైటీషియన్ల పని, అందులో వేలు పెట్టొద్దు.

చివరగా, పిల్లల దగ్గరికి వచ్చి ఉండే అమ్మానాన్నల గురించి. "ఈ వయసులో వాళ్లకెందుకండీ" అనకండి. 1990లో మారియా ఫియాటరోన్ బృందం వృద్ధాశ్రమంలోని 90 ఏళ్ల వాళ్లతో 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించింది. పూర్తిచేసినవాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇంట్లో అయితే గోడకి ఆనించిన కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి, నెమ్మదిగా కూర్చోవాలి. చేతులు పట్టుకోకుండా లేవలేకపోతే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, వారాలు గడిచేకొద్దీ దిండు తీసేయండి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకుండా, లేచేటప్పుడు వదులుతూ చేయాలి. మొదలుపెట్టే ముందు డాక్టరుకొక మాట చెప్పండి, మొదటి కొన్ని రోజులు మీరు పక్కనే నిలబడండి.