సున్నా ఎక్కడ మొదలైందో చూడు, అమ్మలూ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు కొలరాడోలో బౌల్డర్ కౌంటీ కొండల్లో, లయన్స్ ఊరికి ఎగువన, సెయింట్ వ్రెయిన్ వాగు ఒడ్డున ఇల్లు కొనబోతున్నావని చెప్పింది. ధవళేశ్వరం గట్టు మీద నా వేలు పట్టుకుని నడిచిన పిల్ల సొంత సంపాదనతో ఇల్లు కొంటున్నదంటే నాకు ఎంత గర్వంగా ఉందో రాయలేను. కానీ ఆ వాగు పేరు విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ అత్తయ్యా నేనూ కాపురం ఉన్నది ఆ వాగు పక్కనేనని నీకు తెలుసు. ఎందుకు వదిలి వచ్చామో మాత్రం నీకు ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు.

2021 అక్టోబరులో వరద బీమా లెక్క మారింది కాబట్టి, పాలసీకి ఎలివేషన్ సర్టిఫికెట్, అంటే ఇంటి ఎత్తును వరద మట్టంతో పోల్చి చూపే సర్వే కాగితం, అక్కర్లేదని నీ ఏజెంటు అనవచ్చు. ఆ మాట నిజమే, అయినా నువ్వు తీసుకో. ముందు కౌంటీలో వరద ప్రాంతాల అనుమతులు చూసే ఆఫీసుకు వెళ్లి ఆ ఇంటికి పాత సర్టిఫికెట్ ఉన్నదేమో అడుగు. లేకపోతే కొలరాడో లైసెన్సున్న ల్యాండ్ సర్వేయరును పెట్టుకో. కొన్ని వందల డాలర్లు అవుతాయి, బేరం ఆడకు. మంచు కప్పి ఉన్నప్పుడు మాత్రం కొలిపించకు, ఎందుకంటే గోడను ఆనుకున్న అతి తక్కువ నేల ఎత్తు ఆ కాగితానికి ప్రాణం, కొండవాలు ఇంట్లో అది వాగు వైపు మూలలో మంచు కిందే ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, నిదానంగా చదువు.

2009లో మా ఇంటికి వెళ్లే చిన్న వంతెన మార్పించడానికి ఒక సర్వేయరు చేత ప్లాను గీయించాను. అందులో మా ఇంటి నేల ఎత్తు 5,482 అడుగులని ఉంది. నా దగ్గరున్న పాత వరద పటంలో మా ఇంటి దగ్గర వరద మట్టం, అంటే ఏటా నూటికి ఒక వంతు అవకాశమున్న పెద్ద వరదలో నీళ్లు చేరే ఎత్తు, 5,480 అని ఉంది. రెండడుగులు పైన ఉన్నామని ఆ సాయంత్రం మీ అత్తయ్యకు సంతోషంగా చెప్పాను. సర్టిఫికెట్ తీసుకొమ్మని బీమా ఏజెంటు అంటే, నేనూ సివిల్ ఇంజినీరునే, కొలతలు నా దగ్గరున్నాయి, దానికి మళ్లీ డబ్బెందుకని తోసిపుచ్చాను. బ్యాంకు అప్పు అప్పటికే తీరిపోయింది కాబట్టి, వరద బీమా తప్పనిసరని నన్ను నిలదీసేవారు కూడా లేరు.

నేను చూడనిది ఒక్కటే. ఎత్తుకు సున్నా ఎక్కడో చెప్పే మట్టపు లెక్కలు రెండున్నాయి. ఆ పటం 1929 నాటి లెక్కతో గీసినది, సర్వేయరు కొలిచింది 1988 నాటి లెక్కతో. ఆ కొండల్లో ఒకే రాయికి ఈ రెండు లెక్కల్లో వచ్చే ఎత్తుల మధ్య సుమారు మూడడుగుల తేడా ఉంటుంది, 1988 లెక్కలో అంకె పెద్దది. అంటే మా నేల వరద మట్టానికి రెండడుగుల పైన లేదు, ఒక అడుగు కింద ఉంది. ప్లాను మూలన చిన్న అక్షరాలతో ఆ సంగతి రాసే ఉంది, నేను చదవలేదు.

గోదావరి ఒడ్డున పెరిగినవాణ్ణి నేను. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, ధవళేశ్వరంలో 11.75 అడుగులకు ఇస్తారని మన వీధిలో పిల్లలకు కూడా తెలుసు. నది ఒకటే అయినా ఒక్కో కొలబద్దకు సున్నా ఒక్కో చోట మొదలవుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చినప్పుడు రేడియోలో ఆ అంకె విని, మన దగ్గర అది ఎంతవుతుందో మీ తాతయ్య వేళ్ల మీద లెక్కవేశారు. ఆయన కడుపున పుట్టి, ఇంజినీరింగు చదివి, ఆ కాగితం దగ్గర సున్నా సంగతి మరిచాను.

2013 సెప్టెంబరు రెండో వారంలో వాన ఆగలేదు. పదకొండో తేదీ రాత్రి మీ అత్తయ్య నన్ను లేపి, వాగులో ఏదో చప్పుడు వస్తున్నదని చెప్పింది. నీళ్ల అడుగున పెద్ద పెద్ద బండలు దొర్లుతూ ఒకదానికొకటి తగులుతున్న చప్పుడది, మంచం కోళ్ల దాకా అదిరింది. అప్పటికే మేం మార్పించిన వంతెన లేదు. టార్చిలైటు పట్టుకుని ఇంటి వెనక కొండ ఎక్కి, తెల్లవారేదాకా ఒక పైన్ చెట్టు కింద వానలో కూర్చున్నాం. మీ అత్తయ్య చేతిలో అమ్మవారి పటం తప్ప ఏమీ లేదు. ఇంటి నేలకింద పాకి వెళ్లేంత ఖాళీలో, అంటే క్రాల్ స్పేస్‌లో, ఉన్న ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు, నీళ్లు కాచే ట్యాంకు అన్నీ బురదలో పూడిపోయాయి, హాలు గోడ మీద నా నడుము ఎత్తున గోధుమరంగు గీత మిగిలింది. ఇంటి బీమా వరదకు వర్తించదు. వరద బీమా మాకు లేదు.

ఆ వరద, పటంలోని మట్టాన్ని కూడా దాటింది కాబట్టి సర్టిఫికెట్ ఉంటే నీళ్లు ఆగేవని నేను అనను. కానీ అడుగు కింద ఉన్నామని తెలిసి ఉంటే బీమా తీసుకునేవాణ్ణి, ఫర్నేసును పైకి ఎత్తించేవాణ్ణి, వాన మొదలైన రోజే మీ అత్తయ్యను ఊళ్లోకి పంపేవాణ్ణి. ఆ చలిలో ఆమెకు పట్టిన దగ్గు చివరిదాకా పూర్తిగా వదలలేదు.

అందుకే సర్టిఫికెట్ చేతికి రాగానే బి భాగంలో వరద మట్టానికి, సి భాగంలో ఇంటి ఎత్తులకు ఒకే డేటమ్, అంటే ఎత్తుకు ఒకే సున్నా లెక్క, రాసి ఉన్నదా అని ముందు చూడు. 2013 తర్వాత దెబ్బతిన్న వాగులను రాష్ట్రం మళ్లీ సర్వే చేయించింది, కాబట్టి ఏ పటం వాడారో కూడా అడుగు. కొండవాగు బాగా ఏటవాలుగా దిగుతుంది, ఇంటి ఈ చివరకూ ఆ చివరకూ మట్టం మారిపోతుంది. ఇంటి ఎగువ అంచు దగ్గరి మట్టాన్నే తీసుకొమ్మని సర్వేయరుకు చెప్పు. క్రాల్ స్పేస్ ఉంటే, ప్రతి చదరపు అడుగుకూ ఒక చదరపు అంగుళం చొప్పున నీళ్లు వచ్చిపోయే కంతలు ఉండాలి. అవి కనీసం రెండు గోడల్లో, నేల నుంచి అడుగు లోపల ఉండాలి. మా ఇంటి కంతలకు ఎలుకలు రాకుండా నేనే రేకులు కొట్టాను, అలాంటి పని నువ్వు చేయకు తల్లీ.

ఒకవేళ గోడను ఆనుకున్న నేల మొత్తం వరద మట్టానికి సమానంగానో పైనో ఉంటే, ఆ ఇంటిని వరద ప్రాంతం నుంచి తప్పించమని వరద పటాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెమాకు రుసుము లేకుండా దరఖాస్తు చేయవచ్చు. చేసుకో, కానీ ఆ ఉత్తరం వచ్చిందని బీమా మానేస్తే మాత్రం నేను నీతో మాట్లాడను. ఏటా నూటికి ఒక వంతు అవకాశం అంటే, ముప్పై ఏళ్ల అప్పు తీరేలోగా నలుగురిలో ఒకరి ఇంటికి వరద వచ్చినంత. అప్పు లేకుండా కొంటే పాలసీ అమలులోకి రావడానికి ముప్పై రోజులు పడుతుంది, వానలు మొదలయ్యేదాకా ఆగకు. కొండచరియ విరిగిపడితే ఆ బీమా ఇవ్వదు, కాబట్టి ఇంటి వెనక వాలును కూడా పగటిపూట ఎక్కి చూసిరా.

కోప్పడ్డానని అనుకోకు. సంతకం పెట్టేముందు సర్టిఫికెట్‌లోని అన్ని పేజీల ఫోటోలు నాకు పంపు, చిన్న అక్షరాలు కనపడేలా తియ్యి. మంచు కరిగాక నేనే వచ్చి, ఆ ఇంటి చుట్టూ నీతో కలిసి ఒకసారి నడుస్తాను.

ఇట్లు,
నీ మేనమామ